చెవి దగ్గర ఫోన్

జూన్ 9, సోమవారం

బీపీ చూసే డాక్టరమ్మ చెప్పింది, బెంగలన్నీ ఇంట్లోవాళ్ళ చెవిన పోసే బదులు ఒక పుస్తకంలో రాసుకోమని. నేను చదివింది అయిదో తరగతి. రాస్తుంటే అక్షరాలు పక్కకి ఒరిగిపోతాయి. అయినా రాస్తున్నాను. మనవరాలు తన నోటుపుస్తకాల్లోంచి ఒకటి ఇచ్చి, "నేను చూడన్లే అమ్మమ్మా" అంది. చూసినా దానికి నా రాత అర్థం కాదు. అదొక్కటే ధైర్యం.

బెంగలకేం, కావలసినన్ని ఉన్నాయి. గ్యాసు కట్టారో లేదో. మేడ మీద ట్యాంకు పొర్లుతోందేమో. కూతురు ఆసుపత్రి మందుల కౌంటర్లో పొద్దస్తమానం నిలబడే ఉంటుంది, కాళ్ళ నరాలు ఉబ్బిపోయాయి. మనవరాలు యూనివర్సిటీకి రెండు బస్సులు మారాలి. దిగేటప్పుడు వెనక్కి చూసుకోదు.

అసలు బెంగ ఇవేవీ కాదు.

చిన్నోడు పోయి నాలుగు నెలలైంది. నా మనవడు. ఇరవై నిండలేదు. సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో బండి మీద ఇంటికొస్తూ, ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దేశాడు. అందరికంటే ముందు పరుగెత్తినవాడు అక్కడ పంచర్లు వేసే ఆయన. కుర్రాడు ఫోన్ పట్టుకుని ఉన్నాడని పోలీసులకి చెప్పింది కూడా ఆయనే. ఫోన్ నుజ్జునుజ్జయింది. ఆ టైములో ఎవరి దగ్గర్నుంచి ఫోన్ వచ్చిందని పోలీసులు ఆరా తీయలేదు. నా కూతురు మాత్రం ఆరా అక్కర్లేకుండానే తేల్చేసింది, కాలేజీలో వాడితో స్నేహంగా తిరిగిన ఆ పిల్లదేనని.

ఆ పిల్లది కాదు. నాది.

రాశాను. నాలుగు నెలల్లో ఈ మాట బయటికి రావడం ఇదే మొదలు.

అప్పటికి ఫోన్ పెట్టేసే ఉంటాను. నేను పెట్టేశాకే ఏదో జరిగి ఉంటుంది.

జూన్ 10

వాడు బండి మీదున్నాడని నాకేం తెలుసు. తెలిస్తే పెట్టేసేదాన్ని.

జూన్ 14

ఈరోజు ఆ పిల్ల తల్లి వచ్చింది. బట్టలు కుట్టే మనిషి, మెడలో టేపు అలాగే వేలాడుతోంది, తీయడం కూడా మర్చిపోయి వచ్చినట్టుంది. కుర్చీ అంచున కూర్చుంది. మంచినీళ్ళిస్తే పట్టుకుంది గానీ తాగలేదు.

"మీరొక్కసారి వచ్చి దాని తప్పేం లేదని చెప్పండి అక్కా" అంది నా కూతురితో. "మేం చెప్తే వినట్లేదు. పరీక్షలకి పోలేదు. గది తలుపు తియ్యదు. పిడికెడు తింటే ఎక్కువ. ఆ సాయంత్రం తను మెసేజ్ పెట్టిందట. అది చూస్తూనే గుద్దేశాడని కూర్చుంది."

"మరి ఒప్పుకుంటోందిగా" అంది నా కూతురు. "నన్నొచ్చి కాదనమంటారేంటి?"

"చిన్నపిల్ల అక్కా."

"మావాడేమన్నా పెద్దాడా?"

ఆమె గ్లాసు కింద పెట్టి లేచింది. గుమ్మం దాకా నేను వెళ్ళాను. చెప్పులు వేసుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "మీరన్నా చెప్పండి పిన్నిగారూ మీ అమ్మాయికి. నాకు దాన్ని చూస్తే భయమేస్తోంది. పొద్దున తలుపు కొట్టి అది పలికేదాకా నాకు ఊపిరాడదు."

"చూద్దాంలే అమ్మా" అన్నాను.

చూద్దాంలే అట. ఏం చూస్తాను.

జూన్ 16

నేనెందుకు ఫోన్లు చేస్తానో ఎవరూ అడగరు. విసుక్కుంటారు, అంతే.

అల్లుడు గోడౌన్లో పనిచేసేవాడు. పదేళ్ళ కిందట మధ్యాహ్నం భోజనమయ్యాక బస్తాల మధ్య గుండె ఆగి పడిపోయాడు. సాయంత్రం తాళం వేసేదాకా ఒక్కరూ చూడలేదు. ఇంట్లో మేం హాయిగా టీవీ చూస్తున్నాం. ఒక్క ఫోన్ చేసి ఉంటే, ఎత్తడం లేదేమిటని ఎవరో ఒకరు వెతికేవారు కదా. ఆ రోజు నుంచి చేస్తున్నాను. కూతురికి రెండుసార్లు, మనవరాలికి మూడుసార్లు, చిన్నోడికి లెక్కలేదు. వాడు నాకు కంట్రోల్ రూమ్ అని పేరు పెట్టాడు. "హలో కంట్రోల్ రూమ్, సందు మలుపు తిరిగాను, కుక్క అడ్డమొచ్చింది, దానికి దారిచ్చాను, ఓవర్" అనేవాడు. ఎత్తకపోతే, ఎత్తేదాకా చేస్తూనే ఉంటానని వాడికి తెలుసు.

ఇంకోటి కూడా రాసేస్తాను. వాడు పోయిన పదమూడో రోజున నా ఫోన్ పట్టుకుని సెల్ షాపుకి వెళ్ళాను. "నిదానంగా నడుస్తోంది బాబూ, పాత నంబర్లూ పాత కాల్సూ తీసెయ్యి" అన్నాను. "ఇందులో తీయడానికేముంది మామ్మగారూ, తిప్పి తిప్పి ఈ ముగ్గురికేగా చేస్తారు" అని నవ్వాడతను. అయినా తీసేశాడు.

మనవరాలికి ఎప్పుడైనా అనుమానమొచ్చి చూస్తుందేమోనని. ఎంత తెలివి.

జూన్ 21

ఇవాళ చెబుదామనుకున్నాను. కూతురికి సెలవు. ఉతికిన బట్టలు మడత పెడుతోంది. నేను పక్కన కూర్చుని దిండు గలీబులు మడుస్తూ, "ఆ రోజు నేను వాడికి ఫోన్ చెయ్యకుండా ఉండాల్సిందే" అన్నాను.

నా వైపు చూడనైనా లేదు. "మొదలెట్టావా? పక్కింటి గోడ కూలితే నీవల్లే. పాలు విరిగితే నీవల్లే. నేను నెల తప్పినప్పుడు కూడా నీ కలే కారణమన్నావు. ఎప్పుడూ చేసే ఫోనేగా, అది వాణ్ణేం చేస్తుంది?"

"అది కాదే..."

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. నా కొడుకు పోయింది ఆ పిల్ల మూలంగా. ఆ తప్పు కూడా నువ్వే నెత్తికెత్తుకోకు."

ప్రతిదానికీ నాదే తప్పని అని అని, ఇప్పుడు నిజంగా నాదే అంటే నమ్మే దిక్కు లేకుండా చేసుకున్నాను.

నమ్మకపోయేసరికి హమ్మయ్య అనిపించింది. అదీ రాస్తున్నాను.

జూన్ 22

నిద్రపట్టలేదు. ట్యాంకు పొర్లింది. నేనే లేచి కట్టాను.

జూన్ 27

మనవరాలి చదువు గురించి రాయాలి. పై చదువుకి చివర ఒక పరిశోధన చెయ్యాలట. ముందు వేరే ఏదో అనుకుంది. తమ్ముడు పోయాక అది పక్కన పెట్టి, కుర్రకారు బండి నడుపుతూ దేనిమీదికి ధ్యాస పోనిస్తున్నారు, ఫోన్లెందుకు ఎత్తుతున్నారు, ఇది తీసుకుంది. వద్దన్నాను. రోజూ అదే గెలుక్కుంటావా తల్లీ అన్నాను. "గెలకాలి అమ్మమ్మా, లేకపోతే పిచ్చెక్కుతుంది" అంది.

ఇవాళ భోజనాల దగ్గర అది చెప్పింది. కాలేజీల్లో నూటముప్పైమంది కుర్రాళ్ళనీ ఆడపిల్లలనీ అడిగిందట, బండి మీదుండగా ఎవరి ఫోన్ వస్తే తప్పకుండా ఎత్తుతారని.

"స్నేహితులదనుకుంటాం కదమ్మా" అంది వాళ్ళమ్మతో. "కాదు. వాళ్ళవైతే దిగాక చూసుకుంటాం అన్నారు. ఎనభై ఆరు మంది ఇంటినుంచి వచ్చేదే ఎత్తుతాం అన్నారు. ఎత్తకపోతే ఇంట్లో కంగారు పడతారట. ఒకబ్బాయి ఏమన్నాడంటే, అమ్మ ఫోన్ ఎత్తకపోతే ఆవిడ ఆసుపత్రులన్నీ వాకబు చేస్తుందండీ, అంతకంటే బండి మీద ఎత్తడమే తేలిక అన్నాడు."

నా కూతురు కంచంలోంచి తల ఎత్తకుండా, "మావాడి లెక్క వేరులే" అంది.

కంచం పక్కకి జరిపాను. కారం ఎక్కువైందన్నాను.

జూలై 3

మనవరాలు ఇవాళ నన్ను పనిలోకి తీసుకుంది. నాలుగు రోడ్ల కూడలి దగ్గర నిలబడి వచ్చే పోయే బండ్లు చూసి కాగితం మీద గీతలు పెట్టాలి. ఒక్కరు పెడితే చెల్లదట. ఇద్దరు విడివిడిగా పెట్టాలి, ఒకరి కాగితం ఒకరు చూడకూడదు, చివరికి రెండూ కలవాలి. కలవకపోతే ఆ గంటంతా చెత్తబుట్టలోకే. దాని జతకత్తెకి జ్వరం తగిలింది. ఇది ఇంకా అసలు లెక్క కాదు, కాగితం సరిగ్గా ఉందో లేదో చూసుకునే లెక్క. గీత గీయడం వచ్చినవాళ్ళు ఎవరైనా చాలని వాళ్ళ మేడమ్ అందట.

"నాకు తప్పులొస్తాయేమోనే."

"నీకా? వీధిలో ఎవరింటికి ఎవరొచ్చారో కిటికీలోంచి రాసిపెట్టుకున్నట్టు చెప్తావు. నీకంటే మనిషి దొరకదు నాకు."

కళ్ళజోళ్ళ దుకాణం మేడ మీద రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అటూ ఇటూ కూర్చున్నాం. కాగితం మీద గళ్ళు. చెవి దగ్గర ఫోన్. చేతిలో ఫోన్ చూస్తూ. వెనక మనిషితో మాట్లాడుతూ. ఏదో తింటూ. ఏమీ లేదు. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం. సాయంత్రం అయిదు నుంచి ఆరు.

ఎంతమంది పిల్లలు. హెల్మెట్ లోపలికి ఫోన్ దోపుకుని నవ్వుకుంటూ పోతున్నారు. మెడ ఒక పక్కకి వంచి, భుజానికీ చెవికీ మధ్య ఇరికించి ఒకడు. వాడి చొక్కా వెనక గాలికి బుడగలా ఉబ్బింది. చిన్నోడిదీ అచ్చం అలాగే ఉబ్బేది.

గంటయ్యాక కాగితం ఇచ్చేశాను. వేళ్ళు కొంకర్లు పోయాయి.

జూలై 4

కలవలేదు. చెవి దగ్గర ఫోన్ గడిలో దానికి నలభై ఏడు గీతలున్నాయి. నాకు రెండు. మిగతా గళ్ళన్నీ ఇంచుమించు సరిపోయాయట. ఆ నలభై అయిదు మందీ నా కాగితంలో ఏమీ లేదు అన్న గడిలో ఉన్నారు.

"నీ కళ్ళకేదో అయింది" అంది. "శుక్లం మళ్ళీ వచ్చిందేమో. రేపు ఆ కళ్ళజోళ్ళ దుకాణంలోనే చూపిద్దాం."

అవునే, మసకగా ఉంటోంది అన్నాను.

జూలై 5

కళ్ళజోళ్ళాయన అక్షరాల బోర్డు చదివించాడు. అడుగు వరస దాకా చదివేశాను. తప్పు చదువుదామని అనుకుని వెళ్ళాను కానీ, ఆయన ఎంతో ఓపిగ్గా వేలు పెట్టి చూపిస్తుంటే అబద్ధమాడటానికి మనసొప్పలేదు. "ఈ వయసుకి మీ చూపు అద్దంలా ఉంది పెద్దమ్మా, నా దగ్గర మీకు అమ్మడానికి ఏమీ లేదు" అన్నాడు.

మెట్ల దగ్గరికొచ్చాక మనవరాలు ఆగింది.

"మరి ఎందుకు పెట్టలేదు?"

"కనబడలేదు."

"అమ్మమ్మా."

మెట్టు మీద కూర్చున్నాను. ఆ పిల్లల్ని చూసి గీత పెట్టబోతే చెయ్యి కదలలేదన్నాను. ఒక్కొక్కడికీ అవతల ఎవరో ముసల్ది ఉన్నట్టే అనిపించిందన్నాను. తర్వాత చెప్పేశాను. ఆ సాయంత్రం వాడు మాట్లాడుతున్నది నాతోనన్నాను. ఫోన్లో కాల్స్ తీయించింది కూడా చెప్పాను.

అది ఏడుస్తుందనుకున్నాను. లేకపోతే నన్ను అక్కడే వదిలేసి పోతుందనుకున్నాను. అది నా పక్కన మెట్టు మీద కూర్చుని సంచీలోంచి ఒక కాగితం తీసింది. ఫోన్ చేసే ఇంటివాళ్ళని అడగడానికి కొత్తగా తయారుచేసిందట, ఇంకా ఎవరినీ అడగలేదట. పెన్ను మూత తీసింది.

"మీరు ఫోన్ చేసినప్పుడు సమయం ఎంత?" అని కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. నన్ను మీరు అంది.

"ఆరు దాటింది. కుళాయి కట్టేసి వచ్చి చేశాను."

"ఏ పని మీద చేశారు?"

"అకాల వానలు కదా, మబ్బు పట్టిందని."

"ఎంతసేపు మాట్లాడారు?"

"రెండు నిమిషాలు ఉంటుందేమో."

"సంభాషణ ఎలా ముగిసింది?"

జరిగింది చెప్పాను. పెద్ద చప్పుడు వచ్చింది. సిగ్నల్ పోయిందనుకున్నాను. మళ్ళీ చేశాను. స్విచ్చాఫ్ అంది. ఇంకో నాలుగుసార్లు చేశాను. నేను మాట్లాడుతుంటే పెట్టేస్తాడా, ఇంటికి రానీ చెప్తాను వీడి పని అనుకుంటూ కూర్చున్నాను. చెప్పినవన్నీ అది రాసింది.

"అవతలి వ్యక్తి బండి మీద ఉన్నట్టు మీకు తెలుసా?"

"తెలియదు" అన్నాను.

తెలియదు అన్న గడిలో టిక్కు పెట్టింది. కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, "ఆ అమ్మాయికి చెప్పాలి. అమ్మకీ చెప్పాలి. రెండూ నువ్వే చెప్పాలి" అంది. అప్పుడు ఏడ్చింది.

జూలై 6

చెప్పలేదు.

జూలై 8

ఆ పిల్ల ఇంటికి వెళ్ళాం, నేనూ మనవరాలూ. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, గోడకి సగం కుట్టిన జాకెట్లు. వాళ్ళమ్మ తలుపు కొట్టి, "చిన్నోడి అమ్మమ్మగారే వచ్చారు" అనేసరికి ఆ పిల్ల తలుపు తీసింది. అంత సన్నబడిందని నేననుకోలేదు. మంచం మీద కూర్చోబెట్టి తను కింద కూర్చుంది.

నేను పొడుగ్గా ఏం చెప్పలేదు. "నీ మెసేజ్ కాదమ్మా. నాతో మాట్లాడుతూ ఉండగానే గుద్దాడు. నా చెవిలోనే వినబడింది. ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచాను" అన్నాను.

వాళ్ళమ్మ తలుపు దగ్గరే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పిల్ల నన్నే చూస్తోంది.

"నా కోసం అబద్ధం చెప్తున్నారు మీరు."

"కాదు" అంది మనవరాలు. "నేను అన్నీ అడిగాను. నిజమే."

"నేను పెట్టింది ఆరూ పద్నాలుగుకి. అప్పటికి మీరు మాట్లాడుతున్నారా?"

"అవునమ్మా."

"మధ్యలో ఆగాడా? చదివినట్టుగా?"

"లేదు."

"మరి చూడనే లేదా?"

నేను మనవరాలి వైపు చూశాను.

ఆ పిల్ల తన ఫోన్ తీసి నాకు చూపించింది. చదివాను. మూడు రోజులనుంచి మాటలు లేవట ఇద్దరికీ. కోపం పోయింది, రేపు క్యాంటీన్ దగ్గర ఉంటాను, రా, అని ఉంది. అంతే.

"వాడు ఇది చదువుతూ పోయాడనుకున్నాను అమ్మమ్మగారూ. నేనే చంపాననుకున్నాను. కానీ చదివాడుగా అనుకున్నాను."

ఫోన్ వెనక్కి తీసుకుని గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకుంది. వాళ్ళమ్మ మాత్రం నా రెండు చేతులూ పట్టుకుని, మీరు నా బిడ్డని నాకిచ్చారు పిన్నిగారూ అంటూ ఏడ్చింది. ఏమిచ్చాను నేను? ఆ పిల్ల దగ్గర ఉన్నది ఒక్కటి, అదీ పట్టుకొచ్చేశాను.



జూలై 9

కూతురికి చెప్పాను. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు బక్కెట్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చెప్పడం అయ్యాక నన్ను కాదు, మనవరాల్ని అడిగింది, "నిజమేనా?" అని. మనవరాలు తలూపింది. కాళ్ళు తుడుచుకుంది. బక్కెట్ ఎత్తి నీళ్ళు పారబోసి వచ్చింది. నేల మీద పడిన తడి కూడా తుడిచింది.

"వాళ్ళమ్మని ఎన్ని మాటలన్నాను" అంది గోడతో.

జూలై 10

నాతో మాట్లాడలేదు. బీపీ మాత్ర మాత్రం పక్కన పెట్టి వెళ్ళింది.

జూలై 11

ఇవాళా లేదు. ఆసుపత్రి నుంచి గంట ఆలస్యమైంది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యలేదు. బస్సు దొరకలేదేమో, కళ్ళు తిరిగాయేమో, రోడ్డు దాటేటప్పుడు ఏమన్నా... చెయ్యలేదు.

జూలై 12

మనవరాలు వాళ్ళ మేడమ్ దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో మేమిద్దరమే. కూతురు వంట చేస్తోంది. నేను గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్నాను. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"బండి మీదున్నానని వాడు చెప్పలేదా?"

మనవరాలి కాగితంలో తెలియదు అని ఉంది. ఈ పుస్తకంలోనూ అలాగే రాసుకున్నాను, నాకేం తెలుసని, తెలిస్తే పెట్టేసేదాన్నని. నేను తప్ప చదివేవాళ్ళు లేని పుస్తకంలో కూడా. ఇంకోసారి తెలియదంటే కూతురు నమ్మేసేది. దాని వీపు చూస్తే తెలుస్తూనే ఉంది, నమ్మడానికే అడిగిందని.

"చెప్పాడు" అన్నాను. "బండి మీదున్నా అమ్మమ్మా, పెట్టెయ్ అన్నాడు. రెండుసార్లు అన్నాడు. రెయిన్‌కోటు తీసుకెళ్ళావో లేదో చెప్పి పెట్టెయ్‌రా అన్నాను."

గరిటె ఆగింది.

"చెప్పాడా?"

"ఏంటి?"

"రెయిన్‌కోటు సంగతి."

"చెప్పలేదు. అప్పుడే..."

స్టవ్ కట్టేసింది. కుక్కర్ ఆవిరి మెల్లగా దిగుతోంది.

"సీటు కింద ఉంది" అంది. "పొద్దున నేనే మడిచి పెట్టాను. నన్నడిగితే చెప్పేదాన్ని కదమ్మా."

నా కంచం నా ముందు పెట్టి తన గదిలోకి వెళ్ళింది.

అడగలేదు. దాన్ని అడగలేదు. ఆ సాయంత్రం నా కూతురు ఇంట్లోనే ఉంది, పక్కగదిలో.